పాత కాఫీ మిషను ఎక్కడిదో, ఎప్పటిదో తెలుసుకోవడం ఎలా

అటక మీంచి పాత కాఫీ మిషను దించగానే చాలామంది చేసే మొదటి పని, గరుకు కాగితంతో గీకి కొత్త రంగు వేయించడం. ఆ పని మాత్రం చేయకండి. అది ఎక్కడ తయారైందో, ఎప్పటిదో చెప్పే ఆనవాళ్ళన్నీ ఆ పాత రంగులోనూ ఆ జిడ్డు కిందా ఆ స్క్రూల మీదా ఉంటాయి. ఒకసారి గీకేస్తే మళ్ళీ రావు.

నేను పాలిటెక్నిక్‌లో వర్క్‌షాప్ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. ఫిట్టింగు, పోతపని పిల్లలకు నేర్పడమే నా ఉద్యోగం. ఇప్పుడు ఇంట్లో ఒక బల్లా వైసూ పెట్టుకుని చేత్తో తిప్పే కాఫీ మిషన్లు బాగుచేస్తుంటాను. తెచ్చినవాళ్ళు ముందుగా అడిగేది ఒకటే: "వందేళ్ళ నాటిదే కదండీ?" దానికి టక్కున ఒక సంవత్సరం చెప్పేసేవాళ్ళని నమ్మకండి. తయారైన సంవత్సరం మిషను మీదే వేసి ఉండడం చాలా అరుదు. మనం చేయగలిగింది రెండు గుంజలు పాతడం. "ఇంతకంటే ముందుది అయ్యే వీల్లేదు" అన్నది ఒక గుంజ, "దీని తర్వాతది అయ్యే వీల్లేదు" అన్నది రెండోది. ఆధారం దొరికినకొద్దీ ఆ రెంటినీ దగ్గరకు జరుపుకుంటూ పోవాలి. మొదటి గుంజ మిషను చెబుతుంది. రెండోది చాలాసార్లు ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

అసలు కాఫీ మిషనేనా?

బల్ల అంచుకు బిగించి హ్యాండిల్ తిప్పేదల్లా కాఫీ మిషను కాదు. కీమా కొట్టే మిషను కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది. మూతి దగ్గరున్న పెద్ద నట్టు విప్పితే ఒక కత్తీ, చిల్లుల బిళ్ళా బయటికొచ్చాయంటే అది మాంసానిదే. పెద్ద గిన్నె, అరచేతంత పళ్ళ బిళ్ళలు ఉంటే పిండీ రవ్వా ఆడించేది అయి ఉంటుంది. కాఫీ మిషన్లో పళ్ళు చిన్నవి, దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇరుసు నిలువుగా ఉంటే లోపల కోను ఆకారంలో పళ్ళు కనిపిస్తాయి: పైన గింజను పగలగొట్టే పెద్ద పళ్ళు, కిందికి దిగేకొద్దీ సన్నవి. ఇరుసు అడ్డంగా ఉంటే గింజల్ని ముందుకు తోసే మెలిక, దాని చివర చిన్న పళ్ళ బిళ్ళలు. ఇవేవీ తేల్చకపోతే లోపల వేలు పెట్టి గట్టిగా రుద్ది వాసన చూడండి. ఎన్నేళ్ళు మూలపడున్నా కాఫీ నూనె గోధుమరంగు జిడ్డుగా పేరుకుని ఉంటుంది, ఆ వాసన పోదు.

ఇక దగ్గర పెట్టుకోవాల్సినవి: టార్చిలైటు, సుద్దముక్క, మెత్తని పెయింటు బ్రష్షు, కొంచెం కిరసనాయిలు, పల్చటి కాగితం, పెన్సిలు, దొరికితే వెర్నియర్ (మిల్లీమీటరులో పదో వంతు దాకా కొలిచే స్కేలు), థ్రెడ్ గేజ్ (బోల్టు మర చుట్లు కొలిచేది). ఏదీ విప్పకముందే నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. దుమ్ము బ్రష్షుతో దులపండి. జిడ్డున్న ఇనుము మీద మాత్రమే కిరసనాయిలు గుడ్డ పెట్టండి. బంగారు రంగు అక్షరాల మీదా, కాగితం లేబుల్ మీదా దాన్ని తగలనివ్వద్దు, క్షణంలో లేచిపోతాయి.

అక్షరాలు చదవడం

రాత్రిపూట లైటు ఆపేసి, టార్చి వెలుగు మిషనుకు పక్కనుంచి, దాదాపు ఆనించినట్టుగా వేయండి. పగలు కనపడని పోత అక్షరాలు నీడలతో సహా లేచి కనిపిస్తాయి. అప్పటికీ అందకపోతే సుద్దముక్క అడ్డంగా పట్టుకుని మెల్లగా రాయండి, ఉబ్బెత్తు అక్షరాలకు తెల్లగా అంటుకుంటుంది. లేదా కాగితం పరిచి పెన్సిలుతో రుద్దండి. ముందు భాగం ఒక్కటే చూసి ఊరుకోవద్దు. మూత లోపలి వైపు, హ్యాండిల్ బిగించే చోటు, బల్లకు పట్టే క్లాంపు అడుగు, సొరుగు వెనకచెక్క, మిషను అడుగు, ఇవన్నీ చూడాలి.

పేరు దొరికితే సగం పని అయినట్టే. బల్లకు బిగించే పోత ఇనుము మిషన్లలో నా దగ్గరకొచ్చే ఇంగ్లీషు పేరు ఎక్కువగా స్పాంగ్. 1856లో లండన్లో మొదలైన కంపెనీ. సైజును బట్టి నెంబరు పోతలోనే ఉంటుంది. ఇనప పెట్టె మీద ఇత్తడి గిన్నె, ముందు ఇత్తడి పలక ఉంటే కెన్రిక్ ఏమో చూడండి. 1791 నుంచీ ఇంగ్లండులోని వెస్ట్ బ్రామ్‌విచ్‌లో పోతపని చేసినవాళ్ళు. సొరుగున్న చెక్క పెట్టె రకమైతే జర్మనీ లేదా ఫ్రాన్స్ వైపు ఆలోచించాలి. జాసెన్‌హౌస్ 1867లో జర్మనీలోని జోలింగెన్‌లో పెట్టిన కంపెనీ. పీడీ అని ఉంటే అది అక్కడి రెమ్‌షైడ్ ఊరి పీటర్ డీనెస్ పేరులోని మొదటి అక్షరాలు. బాణం మీద నడిచే సింహం బొమ్మ ఉంటే ఫ్రాన్స్ వాళ్ళ ప్యూజో. కార్లకు చాలా ముందే, 1840లోనే వాళ్ళు కాఫీ మిల్లులు మొదలుపెట్టారు. ఆ సింహం గుర్తును రిజిస్టరు చేసింది 1858లో.

చెక్క పెట్టె మీది పలక విషయంలో ఒక జాగ్రత్త. ఆ పలకను పట్టి ఉంచేవి చిన్న మేకులే, ఊడదీసి ఇంకో పెట్టెకు కొట్టడం తేలిక. పలక అంచు చుట్టూ చెక్క రంగు చూడండి. మొదటినుంచీ అక్కడే ఉంటే దాని ఆకారంలోనే కింది చెక్క లేతగా ఉంటుంది. పక్కన వాడని మేకు చిల్లులు కనిపిస్తే ఆ పేరును ఆధారంగా తీసుకోవద్దు.

పేరు లేకపోయినా దేశం పేరు ఉంటే మంచి గుంజే. బ్రిటన్లో 1887లో సరుకుల గుర్తుల చట్టం వచ్చింది, మన దేశంలో అదే తరహా చట్టం 1889లో. అమెరికాకు వెళ్ళే సరుకు మీద దేశం పేరు ఉండాలన్న నిబంధన 1891 నుంచి అమలైంది. అందుకని దేశం పేరు ఉన్న మిషను దాదాపుగా ఆ తర్వాతదే. "మేడ్ ఇన్ వెస్ట్ జర్మనీ" అనుంటే ఇంకా తేలిక: ఆ దేశం 1949లో ఏర్పడి 1990లో కలిసిపోయింది. రెండు గుంజలూ ఒక్క మాటలో దొరికినట్టు. "డి.ఆర్.జి.ఎం." అన్న నాలుగక్షరాలు చిన్న ఆవిష్కరణలకు జర్మన్ సామ్రాజ్యం ఇచ్చిన రక్షణ గుర్తు, 1891 నుంచి వచ్చింది. "డి.ఆర్.పి." అంటే అక్కడి పేటెంటు, అది 1877 చట్టంతో మొదలైంది. వాటి బదులు "డి.బి.పి." లేదా "డి.బి.జి.ఎం." ఉంటే రెండో ప్రపంచయుద్ధం తర్వాతి పశ్చిమ జర్మనీ సరుకు.

ఇంగ్లీషు వస్తువుల మీద "ఆర్‌డి నెం." అని ఒక అంకె కనిపించవచ్చు. అది డిజైను రిజిస్ట్రేషను. 1884లో ఒకటి నుంచి మొదలై, 1900 వచ్చేసరికి మూడున్నర లక్షలు దాటింది. అంతకుముందు, 1842 నుంచి 1883 దాకా, అంకె బదులు డైమండ్ ఆకారంలో ఒక ముద్ర వేసేవారు. అది కనిపిస్తే మిషనును మెత్తటి గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి, ఇంట్లో ఎవరినీ తోమనివ్వద్దు.

పేటెంటు తేదీ పుట్టినరోజు కాదు

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. అమెరికన్ మిషన్ల మీద పేటెంటు తేదీ పోతలోనే ఉంటుంది. ఫిలడెల్ఫియా ఎంటర్‌ప్రైజ్ కంపెనీ చక్రాల మిషను మీద 1873 అక్టోబరు 21 అని, లాండర్స్, ఫ్రేరీ అండ్ క్లార్క్ వాళ్ళ యూనివర్సల్ మిషను మీద 1905 ఫిబ్రవరి 14 అని కనిపిస్తాయి. అమ్మేవాడు దాన్ని చూపించి "1873 మోడల్ సార్" అంటాడు. ఆ తేదీ చెప్పేది మొదటి గుంజ మాత్రమే. అదే అచ్చుతో, అదే తేదీతో తర్వాత దశాబ్దాల తరబడి పోతలు పోశారు. కెన్రిక్ పలక మీది "పేటెంట్" అన్న మాటా అంతే. వాళ్ళ పేటెంటు 1815 నాటిది. అప్పట్లో ఇంగ్లండులో పేటెంటు గడువు పద్నాలుగేళ్ళు. గడువు తీరిన చాలాకాలం దాకా పలక మీద ఆ మాట ఉంటూనే వచ్చింది.

తేదీ కాకుండా అంకె ఒక్కటే ఉంటే గూగుల్ పేటెంట్స్‌లో కొట్టి చూడండి, బొమ్మతో సహా వస్తుంది. అమెరికా పేటెంట్లకు ఇప్పుడున్న వరుస 1836లో మొదలైంది. పది లక్షల నెంబరు 1911లో, ఇరవై లక్షల నెంబరు 1935లో ఇచ్చారు. అంకె చూడగానే ఒక అందాజా వచ్చేస్తుంది.

ఇంకో చిట్కా నాకు చాలా ఇష్టం. 19వ శతాబ్దం మధ్య నుంచీ అమెరికా పేటెంట్లు ఇచ్చేది మంగళవారమే. పైన చెప్పిన రెండు తేదీలూ ఫోను క్యాలెండర్లో వెనక్కి వెళ్ళి చూడండి, రెండూ మంగళవారాలే. మిషను మీది తేదీ శనివారమో ఆదివారమో అయితే అక్షరాలు సరిగ్గా చదవలేదన్నా అర్థం, ఎవరో నకిలీ పోత పోసి అమ్ముతున్నారన్నా అర్థం.

పోత చెప్పే సంగతి

అసలుకూ నకలుకూ తేడా తెలియాలంటే పోతపని కొంచెం తెలియాలి. అసలు కంపెనీ తన చెక్క లేదా లోహపు నమూనాను ఇసుకలో నొక్కి అచ్చు తీస్తుంది. కరిగిన పోత ఇనుము చల్లారేటప్పుడు సుమారు నూటికి ఒక వంతు కుంచించుకుపోతుంది. ఆ సంగతి తెలిసిన నమూనా పనివాడు నమూనాను ఆ మేరకు పెద్దదిగానే చేస్తాడు. నకలు తీసేవాడికి నమూనా ఉండదు. తయారైన మిషన్నే ఇసుకలో నొక్కి అచ్చు తీస్తాడు. దాంతో నకలు మళ్ళీ ఒక వంతు చిన్నదవుతుంది. 150 మిల్లీమీటర్ల దిమ్మ 148.5కి వస్తుంది. అసలు మిషను కొలతలు దొరికితే వెర్నియర్‌తో అరనిమిషంలో తేలిపోతుంది.

కొలతలు దొరక్కపోయినా అక్షరాలు పట్టిస్తాయి. అసలు పోతలో అక్షరాల అంచులు పదునుగా, పక్కలు కొద్దిగా వాలుగా ఉంటాయి. నకలులో "ఎస్" అక్షరం మెలికలు పూడిపోయి, సున్నాల మధ్య ఖాళీ మూసుకుపోయి కనిపిస్తుంది. వేలితో తడిమితే తేడా కంటికన్నా ముందు తెలుస్తుంది. రెండు అచ్చుపెట్టెలు కలిసే చోట మిగిలే గీత కూడా చూడండి. మంచి కంపెనీ దాన్ని ఆకురాయితో దాదాపు కనపడకుండా చేస్తుంది, హడావుడి పోతలో అది గట్టులా వదిలేసి ఉంటుంది.

పళ్ళను లైటు కింద పెట్టి చూడండి. మెషిన్ మీద కోసిన ఉక్కు పళ్ళకు అంచు పదునుగా ఉండి, పక్కన సన్నటి సమాంతర గీతలు కనిపిస్తాయి. పోతలోనే వచ్చిన పళ్ళ అంచు మొద్దుగా ఉంటుంది, ఇసుక గరుకుదనం తగులుతుంది. ఇది కాలం కంటే నాణ్యత గురించి ఎక్కువ చెబుతుంది. అయినా రాసుకోండి.

మిగతా వస్తువులు చెప్పే కాలం సంగతి: మెరుపు తెల్లగా, కాస్త నీలంగా ఉంటే క్రోమ్. అది మార్కెట్లో విస్తారంగా వచ్చింది 1920ల రెండో సగం నుంచి. కొంచెం పసుపు ఛాయ ఉంటే నికెల్, అది ఇంకా పాతది కావచ్చు. పిడి బేకలైటు అనే తొలినాటి గట్టి ప్లాస్టిక్‌దైతే 1907 తర్వాతి మాట, అదే కనిపెట్టిన సంవత్సరం. ప్లస్ గుర్తు తల స్క్రూ 1930ల మధ్యలో అమెరికాలో వచ్చింది. కానీ ఒక్క స్క్రూ చూసి మొత్తం మిషన్ని 1930ల తర్వాతిది అనకండి. స్క్రూ ఎవరైనా మార్చి ఉండవచ్చు. అన్నీ అవే ఉండి, తలల చుట్టూ పాత రంగు చెదరకుండా ఉంటేనే దాన్ని ఆధారం అనాలి.

థ్రెడ్లు చూడండి

ఈ పని దాదాపు ఎవరూ చేయరు. మన ప్రాంతంలో దొరికే మిషన్లకు ఇంతకంటే ఉపయోగపడే పరీక్ష నాకు తెలియదు. పాత ఇంగ్లీషు బోల్టులు విట్‌వర్త్ థ్రెడ్‌వి, చుట్టు కోణం 55 డిగ్రీలు. మెట్రిక్‌ది 60. పావు అంగుళం విట్‌వర్త్ బోల్టుకు అంగుళానికి 20 చుట్లు. ఆరు మిల్లీమీటర్ల మెట్రిక్ బోల్టుకు చుట్టుకూ చుట్టుకూ మధ్య ఒక మిల్లీమీటరు, అంటే అంగుళానికి పాతిక పైనే. థ్రెడ్ గేజ్ లేకపోతే దగ్గర్లోని లేత్ వర్క్‌షాపుకు తీసుకెళ్ళండి, ఒక్క నిమిషం పని.

మన దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం 1956లో వచ్చింది, 1958 నుంచి 1962 దాకా దశలవారీగా అమలైంది. అందువల్ల పోత దిమ్మలోనే తొలిచిన రంధ్రాలకు మెట్రిక్ థ్రెడ్ ఉన్న దేశవాళీ మిషను ఆ తర్వాతదని చెప్పడానికి గట్టి ఆధారం. విట్‌వర్త్ ఉన్నంత మాత్రాన ఇంగ్లండుదే అనుకోవద్దు. మన ఫౌండ్రీలూ అదే వాడాయి, జర్మనీలో కూడా ఒకప్పుడు బాగా వాడారు. అసలైనదేదో తెలియాలంటే బోల్టును కాదు, రంధ్రాన్ని చూడాలి. బోల్టు మారుతుంది, దిమ్మలోని రంధ్రాన్ని మార్చాలంటే మళ్ళీ తొలవాలి.

ఇంట్లోవాళ్ళను అడిగే పద్ధతి

"ఎన్నేళ్ళ నాటిది?" అని అడిగితే ఏ ఇంట్లోనైనా వచ్చే జవాబు "చాలా పాతదండీ, మా తాతల నాటిది". అలా కాకుండా మనుషుల గురించి అడగండి. ఎవరి పెళ్ళికి వచ్చింది? సారెలో పెట్టారా, విడిగా కొన్నారా? అప్పుడు ఏ ఊళ్ళో కాపురం? ఎవరు తెచ్చారు?

తెనాలిలో ఒక పెద్దావిడ మిషను చూపిస్తూ, "మా అత్తగారి పెళ్ళి చిత్రభాను సంవత్సరంలో నాయనా, దీన్ని వాళ్ళ పుట్టింటివాళ్ళు సారెలో పెట్టారు" అన్నారు. తెలుగు సంవత్సరాలు అరవై ఏళ్ళకోసారి తిరిగొస్తాయి. చిత్రభాను 1942 ఉగాది నుంచి 1943 ఉగాది దాకా, తర్వాత మళ్ళీ 2002లో. వాళ్ళ అత్తగారికి అది 1942 కాక తప్పదు. రెండో గుంజ అలా దొరికింది. ఆ మిషను పోతలో స్పాంగ్ పేరూ "మేడ్ ఇన్ ఇంగ్లండ్" మాటా స్పష్టంగా ఉన్నాయి, దిమ్మ రంధ్రాలకు విట్‌వర్త్ థ్రెడ్. నలుపు రంగు మూల కొంచెం లేచిన చోట చూస్తే దాని కింద ఇంకో రంగు లేదు, నేరుగా ఇనుమే. పిడి మాత్రం వేరు: లేత్ మీద తిప్పిన మన చెక్క, దాన్ని పట్టుకున్నది మెట్రిక్ బోల్టు. కాబట్టి నేను రాసిచ్చింది ఇది: "ఇంగ్లండు తయారీ, స్పాంగ్. 1887 తర్వాత, 1943 లోపు. పిడి తర్వాత ఇక్కడే మార్చింది." వాళ్ళబ్బాయి "1920 అని రాయొచ్చు కదా అంకుల్" అన్నాడు. 1920 అనడానికి ఆ మిషను మీద ఏ ఆధారమూ లేదు, అందుకే రాయలేదు.

కాగితాలు కూడా అడగండి. ట్రంకుపెట్టెల్లో బిల్లులు దొరుకుతుంటాయి. ధర రూపాయలు, అణాలు, పైసలుగా ఉంటే సాధారణంగా 1957 ఏప్రిల్ ముందుదే. ఆ నెల మొదటి తేదీన దశాంశ నాణేలు వచ్చాయి, అయితే అణాల లెక్క కొన్నాళ్ళు పక్కనే సాగింది. "న.పై." (నయా పైసలు) అని ఉంటే 1957–64 మధ్యది. లేబుల్ మీద ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు 15 తర్వాతది. ఊరి పేరు "మద్రాసు" అయితే ఎక్కువగా 1996కు ముందుది. ఇత్తడి గిన్నె ఉంటే గిన్నెల కొట్లో చుక్కలతో కొట్టించిన పేరు కోసం అంచు చుట్టూ వెతకండి, పక్కన తేదీ ఉన్నా ఉండవచ్చు.

దిగుమతుల సంగతీ గుర్తుపెట్టుకోవాలి. 1957 నాటి విదేశీ మారకద్రవ్య కష్టాల తర్వాత ఇలాంటి ఇంటి సరుకుల దిగుమతి బాగా బిగిసిపోయింది. ఆ తర్వాతి విదేశీ మిషను మన ఇంట్లో ఉందంటే ఎవరో సూట్‌కేసులో తెచ్చి ఉంటారు. వెస్ట్ జర్మనీ చెక్క పెట్టె కనిపిస్తే "మీ ఇంట్లో బయటి దేశం వెళ్ళొచ్చింది ఎవరు?" అని అడుగుతాను. జవాబులో సంవత్సరం దానంతటదే వస్తుంది.

తేలినదాన్ని రాసి పెట్టడం

ఒక మందపాటి కాగితం ముక్క మీద పేరు, దేశం, రెండు గుంజలు, ఏ భాగం మార్చినదో, ఎవరింటిదో రాసి దారంతో హ్యాండిల్‌కు కట్టండి. జిగురుతో అంటించొద్దు. ఫోటోలు, పెన్సిలు రుద్దిన కాగితాలు అన్నీ ఒకే కవరులో పెట్టండి. మార్చిన పాత ముక్క ఏదైనా ఉంటే, విరిగిందైనా సరే, పారేయకుండా అదే కవరులో వేయండి.

మిషన్ని వాడుకోవాలనుకుంటే మొహమాటపడక్కర్లేదు, వాడటానికే చేసింది. నీళ్ళతో కడగొద్దు. పొడి బ్రష్షుతో పళ్ళు శుభ్రం చేసి, పాత కాఫీ గింజలు రెండు గుప్పెళ్ళు ఆడించి ఆ పొడి పారబోయండి. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి, పొడి పడే చోట లోపలి వైపు రంగు పెచ్చులూడుతుంటే ఆ మిషను పొడి తాగడానికి వాడకండి. రంగు గట్టిగా ఉన్నా దాని రేకు గిన్నె బదులు స్టీలు గిన్నె పెట్టుకోండి. పళ్ళ మధ్య ఎడం సరిచేసే స్క్రూను బిగించేటప్పుడు హ్యాండిల్ తిప్పుతూనే బిగించాలి, లేకపోతే పన్నూ పన్నూ ఒరుసుకుని అరుగుతాయి. మరీ మెత్తగా ఆడితే ఫిల్టరు చిల్లులు పూడుకుపోయి డికాషన్ దిగదు. కాస్త బరకగా మొదలుపెట్టి, రోజుకింత బిగించుకుంటూ వెళ్ళండి.